ఎడమ మీద కుడి

ఆరబెట్టిన అచ్చు కాగితం చూడగానే తొమె చేతిలోని బియ్యం గిన్నె కింద పెట్టేసింది.

బొమ్మలో ఉన్నది ఆమె కూతురు ఒషిగె. బావి దగ్గర గొంతుక్కూర్చుని బియ్యం కడుగుతోంది. గీసింది వేరేవాళ్లయినా చెక్క మీద చెక్కింది అల్లుడు మత్సుజో. పోలిక అచ్చంగా దిగింది. కాని మెడ దగ్గర కిమోనో కుడి అంచు పైకి ఉంది. అలా కట్టేది శవానికే.

"ఏమిటి నాయనా ఇది? నెలలు నిండిన పిల్లకి చావు బట్ట కట్టావా?"

మత్సుజో తల గోక్కున్నాడు. గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించాలి. పలచటి కాగితం, రెండు వైపులా ఒక్కలాగే కనబడింది. తొందరలో వెల్లకిలా అంటించేశాడు. బొమ్మంతా తిరగబడింది.

"కొనేవాళ్లు మొహం చూస్తారత్తయ్యా. మెడ ఎవరు చూస్తారు?"

"యముడు చూస్తాడు."

ఒషిగె పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మకి పిల్లి తుమ్మినా కీడే. నేను పుట్టినప్పుడు కాకి అరిచిందని పేరు పెట్టడమే మానేసిందట."

"మానలేదే, కొన్నాళ్లు ఆగాను," అంది తొమె. "ఆ చెక్కని చిత్రిక పట్టెయ్యి నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా."

"సాయంత్రానికి అచ్చువేసేవాళ్లకి ఇవ్వాలి. వల్లకాదు."

మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. వచ్చేటప్పుడు గలగలా మాట్లాడిన మంత్రసాని రానురాను మాట తగ్గించింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఒషిగె తన మెడ దగ్గర వేళ్లు పెట్టి, ఏ అంచు పైకి ఉందో తడుముకోవడం తొమె చూసింది. పొద్దున నవ్విన పిల్లే.

వేణ్ణీళ్లకని బయటికొచ్చి అల్లుడితో ఆ మాటే చెప్పింది. అతను పనిముట్ల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

లోపలికి ఉలి చప్పుడు వినబడగానే తొమె, హమ్మయ్య అనుకుంది. తర్వాత ఒక్కో దెబ్బకీ కూతురు మూలుగుతున్నట్టు తోచింది. చెక్క మీద ఉన్నదీ దాని ఒళ్లే కదా. పరుగున బయటికొచ్చింది.

"ఆపు నాయనా. అది దాని మొహం."

"చెరిపెయ్యమన్నది మీరే గదా."

"నేనే అన్నాను. బుద్ధిలేక అన్నాను. మెడ దగ్గర ఒక్క ముక్క తీసి, కొత్తది అతకలేవా?"

"అదే చేస్తున్నా."

చెక్క ఆమె వైపు తిప్పాడు. పైన మొహం ఉంది, కింద చేతులున్నాయి. మధ్యలో మెడ ఉండాల్సిన చోట గుంట ఉంది.

లోపలినుంచి సన్నగా, "అమ్మా" అని వినబడింది.

"వెయ్యి. ఆ ముక్క త్వరగా వెయ్యి," అంటూ తొమె లోపలికి పరుగెత్తింది.