దసరా తర్వాతి పేజీలు

రొయ్యలు ఒలుస్తూ, మధ్యమధ్య చేతులు కడుక్కుని కాగితం మీద రాసుకుంటూ సుధామణి ఒక కొత్త సీరియల్ మొదటి ఎపిసోడ్ చూసింది. ఏటా జనవరి నుంచీ ఇదే పని. ఏ సీరియల్ ఎప్పుడు మొదలైంది, దేన్ని అర్ధాంతరంగా ఆపేశారు, పాటల పోటీ ఫైనల్లో ఎవరు గెలిచారు, ఉగాదికి ఏ చానల్ ఏ కొత్త సినిమా వేసింది... అన్నీ రాసి, ఏది ఎందుకు నచ్చిందో, ఏది ఎందుకు విసుగు పుట్టించిందో కూడా రాసి ఏడాది ఆఖర్న భర్త గంగాధర్ చేతికిచ్చేది. అతను విజయవాడలో ఒక లోకల్ చానల్లో టీవీ విశ్లేషకుడు. ఆమె రాసింది కెమెరా ముందు చదవడమే అతని విశ్లేషణ.

"మావాడు అంత కష్టపడతంటే నువ్వు టీవీ ముందు నుంచి లేవవు గదా!" అనేది అత్తగారు కొండలమ్మ. సుధామణి గంగాధర్ వైపు చూసేది. అతను ఫోన్‌లోకి చూసుకునేవాడు.

దసరాకి చానల్ వాళ్లను భోజనానికి పిలిచాడు. ఇరవై మందికి వండి వడ్డిస్తున్న సుధామణిని యాంకర్ స్టెల్లా అడిగింది. "సర్ రాసేవి మీరు కూడా చదువుతారా అండీ?"

గంగాధర్ అందుకున్నాడు. "సీరియల్ పిచ్చి తప్ప మా ఆవిడకి విశ్లేషణ ఎక్కడ అర్థమవుద్ది స్టెల్లా! పులుసు మాత్రం బాగా పెడద్ది."

అందరూ నవ్వారు. గరిటె పట్టుకుని సుధామణి కూడా నవ్వింది. ఆ నవ్వు మీద తనకే అసహ్యం వేసింది. పదకొండేళ్ల నుంచి ఇలాగే నవ్వుతున్నాను కదా, అనుకుంది గిన్నెలు తోముతూ. తిట్టక్కర్లేదు, ఏడవక్కర్లేదు. అతన్ని అతనికే వదిలేస్తే చాలు.

డిసెంబరు ఆఖరి సాయంత్రం 'ఈ ఏటి బుల్లితెర' లైవ్. సుధామణి ఫైలు ఇచ్చింది. ముందుగా తెరిచి చూసుకునే అలవాటు అతనికి ఏనాడూ లేదు.

సెప్టెంబరు దాకా గడగడా చదివాడు. పేజీ తిప్పాడు. తెల్లకాగితం. ఇంకోటి తిప్పాడు. అదీ తెల్లదే.

"అక్టోబరు విశేషాలు చెప్పండి సర్," అంది స్టెల్లా.

"అక్టోబర్లో... అంటే... చాలా వచ్చాయి..."

"ఏమైందే వాడికి?" ఇంట్లో టీవీ ముందు కూర్చున్న కొండలమ్మ కంగారుపడింది. సుధామణి సౌండు పెంచింది. అతని నుదుటి మీద చెమటను తనివితీరా చూసింది. తర్వాత తెర మీద కనిపిస్తున్న నంబరుకి ఫోన్ చేసింది.

"గుణదల నుంచి సుధామణినండీ," అని మొదలుపెట్టి, డిసెంబరు దాకా ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

స్టెల్లా ఆశ్చర్యపోయింది. "ఇంత బాగా చెప్పారు, మీరేం చేస్తుంటారండీ?"

"మీ పక్కన కూర్చున్నాయన పదకొండేళ్లుగా చదివిందంతా రాసింది నేనేనండీ. ఇక రాయను."