ఉమ్రాకు ముందు మాఫీ

హుసేన్‌బీ మాంసం కడుగుతోంది. మొగుడి అన్న కరీముల్లా ఉమ్రాకు పోతున్నాడనీ, మాఫీ అడగడానికి ఈ పూటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తున్నాడనీ అత్త చెప్పింది. ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

మక్కాకు పోయేవాళ్లు అయినవాళ్ల గడపలన్నీ తిరిగి మాఫీ అడగడం ఆనవాయితీ. అల్లా పట్ల చేసిన పాపానికి పశ్చాత్తాపపడి తౌబా చేసుకుంటే అల్లా క్షమిస్తాడు. మనిషికి చేసిన పాపాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలి. బావకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే వస్తున్నాడు.

కూతురు అఫ్రీన్ చంటిపిల్లగా ఉన్నప్పుడు, నంద్యాలలో ఆయన ఇంట్లోనే, వంటింటి తలుపు గడియ పెట్టి మీద పడ్డాడు. పాలవాడు పిలవబట్టి తప్పించుకుంది. ఏడుస్తూ మొగుడు అన్సార్‌కు చెప్పింది. అతను తన అన్నను ఏమీ అడగలేదు, ఆమెనే అడిగాడు: "నలుగురు సాక్షులుండారా? సాక్షుల్లేకుండా నింద ఏసినదానికి ఖురాన్‌లో ఎనభై కొరడా దెబ్బలంట, తెలుసునా?" ఆ కొరడా ఆళ్లగడ్డలో ఎవరి చేతిలోనూ లేదు. అయినా ఇన్నేళ్లూ ఆమె వీపు దాని కోసం బిగుసుకునే ఉంది. అత్తది ఇంకో మాట. సాటి ముస్లిం తప్పు దాస్తే అల్లా మన తప్పు దాస్తాడంది. కోడలు దాచుకోవాల్సిన తప్పేదో మాత్రం చెప్పలేదు. హుసేన్‌బీ దాచింది. పండగ పండగకూ వాడికే వండింది, వడ్డించింది, వాడు తిన్న తట్ట కడిగింది.

ఇప్పుడు అఫ్రీన్ పది పాసైంది. ఇంటర్ నంద్యాలలో, ఉండేది పెదనాన్న ఇంట్లో. "మక్కా చూసొచ్చినోని ఇంట్లో ఆడబిడ్డకు భయమేముంటాది" అని అన్సార్ తేల్చేశాడు.

బావ వచ్చాడు, మెడలో పూలదండతో. వరసగా అందరినీ అడుగుతున్నాడు. అడగకముందే మాఫ్ అంటున్నారు. "నా పుంజును కోసుకోని తినింది నువ్వే గదరా, అది గూడా మాఫ్ పో" అంది అత్త చెల్లెలు. "నేనే చిన్నమ్మా" అని బావ చెంపలేసుకున్నాడు. ఇల్లంతా నవ్వింది.

పుంజుకున్న పాటి లెక్క కూడా తనకు లేదనుకుంది హుసేన్‌బీ.

బావ ఆమె ముందుకొచ్చి చేతులు జోడించాడు. తల ఎత్తలేదు. "తెలిసో తెలీకో ఏమన్నా తప్పు చేసింటే మాఫ్ చెయ్‌మ్మా."

అన్సార్ కళ్లతోనే అదిలించాడు. అత్త మోచేత్తో పొడిచింది. ఒక్క మాట. అనేస్తే అందరూ అన్నానికి లేస్తారు. అనేస్తే అఫ్రీన్ బట్టలు సర్దాలి. ఆమె ద్వారబంధం పట్టుకుంది.

"ఏం చేసింటివో నువ్వే చెప్పు బావా. నేను ఎవురి మీదా నింద ఎయ్యను. నీ నోటితోనే చెప్పు, చెప్పినాక మాఫీ సంగతి. అందాక నా బిడ్డ నీ గడప తొక్కదు."