పచ్చటి నీళ్లు

మా వదిన సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చూడు, ఎంత పచ్చగా ఉన్నాయో!" అంది. ఆడపడుచు దగ్గర మార్కులు కొట్టేద్దామని వచ్చిన మొహం అది. నది పక్కన మడచెట్ల మధ్య ఆమెకో పీతల గుంట ఉంది. పిల్లపీతలు తొట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. నేను నీళ్లు చూసి సరేనంటే ఆ సాయంత్రమే గుంటలోకి వదులుతుంది. ఆలస్యమైతే ఇరుకు తొట్టెల్లో ఒకదాన్నొకటి పీక్కుతింటాయి.

నీళ్లలో తేలే, కంటికి ఆనని మొక్కల్ని చూడటమే నా ఉద్యోగం. ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఇదివరకు ఆమె తెచ్చిన నీళ్లలో పడవల్లాంటివి, గొలుసుల్లాంటివి, విసనకర్రల్లాంటివి కనిపించి ఒకటే సందడి. ఇప్పుడు ఎటు జరిపినా చిన్న గుండ్రటి చుక్కలే. అద్దం తుడిచి చూసినా అవే. మిగతావన్నీ ఏమైపోయాయో తేల్చుకోకపోతే నాకు అన్నం సయించదు.

"నదికి ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీ వాళ్ల పనే ఇది!" అని తిట్లు లంకించుకున్నాను. తీరా నది నీళ్లు గుంటలోకి వచ్చే తూముకి అవతల, నదిలో నీళ్లు తెచ్చి చూస్తే పడవలూ గొలుసులూ దర్జాగా ఉన్నాయి. జరిగిందేదో తూముకి ఇవతలే జరిగిందన్నమాట.

"వదినా, గుంటలో ఏమన్నా వేశావా?"

"యూరియా వేశాను. ఎండ బాగా తగలాలని గట్టు మీద మడచెట్లు కూడా కొట్టించాను. గుంట పచ్చగా ఉండాలని చేపల ఆఫీసరే చెప్పాడుగా!"

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆఫీసరు గుంట దగ్గరికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన గట్టు మీది చెట్లకేసి చెయ్యి చూపించి మరీ ఆ మాట అన్నాడు. వదిన అప్పుడు నీళ్లకేసి చూస్తోంది.

ఆయన పచ్చగా ఉండాలన్నది చెట్లు, నీళ్లు కాదని చెబితే ఆమె మొహం పాలిపోయింది. "అయితే పిల్లల్ని వదలొద్దా?"

"వద్దు. ఈ ఒక్క రకమే పెరిగిపోయింది. రాత్రయితే నీళ్లలో ప్రాణవాయువంతా అదే లాగేస్తుంది. యూరియా ఆపేసి, పోటు వచ్చినప్పుడల్లా నది నీళ్లు కొద్దికొద్దిగా రానివ్వు."

"ఈలోగా తొట్టెల్లో అవి..." అని ఆగిపోయింది. తర్వాత నన్ను పక్కకి జరిపి మైక్రోస్కోప్ మీదికి వంగింది. ముందు గుంట నీళ్లు, తర్వాత నది నీళ్లు చూసింది. చాలాసేపటిదాకా తల ఎత్తలేదు.

"ఇంతమంది ఉండేవాళ్లా నా గుంటలో?" అంది.

నీళ్లు మట్టిరంగుకి తిరిగి, చుక్కలో మళ్లీ గొలుసులు కనిపించేసరికి తొట్టెల్లో సగం పీతలు కూడా మిగల్లేదు. మిగిలినవాటిని వదిన గుప్పిళ్లతో నీళ్లలోకి వదిలింది. "పచ్చగా ఉండండర్రా," అని అలవాటుగా అనేసి నాలుక్కరుచుకుంది.

"కాదు కాదు, చల్లగా ఉండండి," అంది, మిట్టమధ్యాహ్నం ఎండలో కొంగు నెత్తిన కప్పుకుంటూ. గట్టు మీద నరికిన మొదళ్లు తప్ప ఏమీ లేవు.