ఆఖరి గురువారం పలక

గులాబీరంగు కోటు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటూ వచ్చాడు ఎర్నెస్ట్ పిల్బీమ్. మూడో గుండీ దగ్గర చెయ్యి ఆగింది. ఛాతీలో పొద్దుటి నుంచీ ఉన్న బిగువు ఇంకా వదల్లేదు. బరువులెత్తవద్దని డాక్టరు చెప్పిన సంగతి ఇక్కడెవరికీ తెలియదు. తెలిస్తే పలకను ఇంకొకరి చేతికిస్తారు. రేపటి నుంచి పింఛను. ముప్పై ఒక్క ఏళ్ళ కొలువులో ఇదే ఆఖరి గురువారం.

ప్రతి గురువారం దేశమంతటికీ వడ్డీ రేటు నిర్ణయించే ఆ లండన్ బ్యాంకులో, రేటు మారితేనే గోడ మీది పలక మారుతుంది. పదకొండు నెలలుగా ఏడు శాతం కదల్లేదు. ధరలు అదుపులోకి వచ్చాయి గానీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

"ఇవాళైనా దించుతారంటావా పెద్దాయనా?" అన్నాడు తోటి కాపలాదారు డెన్నిస్. "అప్పు చౌకైతే మా బావమరిది ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారంట. నాలుగు నెలల్నించి మా ఇంట్లోనే తిష్ట. సాసేజీలన్నీ వాడే మింగుతున్నాడు."

"నాకేం తెలుసురా."

"తెలిసినా చెప్తావా ఏంటి? నీకంటే ఆ గోడ నయం!"

పలకను అంకె కనబడకుండా ఛాతీకి ఆనించి తేవాలి. అందుకే హాల్లో కాచుకున్న దళారీ కంపెనీల మనుషులంతా అతని మొహం చదవాలని చూస్తారు. కనుబొమ్మ కదిలితే చాలు, లక్షల పౌండ్లు చేతులు మారతాయి. అలా బిగించుకున్న మొహాన్ని ఎర్నెస్ట్ ఇంట్లోనూ వదులు చెయ్యలేకపోయాడు. కొడుకున్న ఓడ మునిగిందని తంతి వచ్చిన రోజునా అదే మొహం.

"రేపట్నించి నీ మొహం నాదేగా," అంది పొద్దున్న టీ పోస్తూ భార్య ఫ్లోరీ. "సాయంత్రం ఒక్క నవ్వు పట్టుకురా, చాలు."

పన్నెండుకు పదిహేను నిమిషాలుంది. మేడ మీద సమావేశం గది తలుపు తెరుచుకుంది. కార్యదర్శి కొత్త పలక అందించాడు.

ఆరు.

ఒక శాతం, ఒక్క దెబ్బకి! పలకను ఛాతీకి ఆనించి మెట్లు దిగాడు. మొహం కదల్లేదు.

"పలక వస్తోందిరోయ్! మారింది!" హాలు హోరెత్తింది. పొడుగు టోపీలు, చెమట పట్టిన మెడలు, తోపులాట. "పైకా, కిందికా? కన్నన్నా కొట్టవయ్యా!"

పాతది దించాడు. కొత్తది కొక్కేనికి తగిలించి, పక్కకు తప్పుకున్నాడు.

"ఆరు! ఆరోయ్!"

ఒక్కసారిగా జనం వీధిలోకి ఉరికారు. ఒకడి టోపీ దొర్లిపోయినా వంగి తీసుకోలేదు. పారిస్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు ఫోన్లు కలపాలి. వారం తిరక్కుండా అక్కడి బ్యాంకులూ దించక తప్పదు. "మావాడిక పెట్టె సర్దుకోవచ్చు!" అని గెంతుతూ డెన్నిస్ కూడా గుమ్మందాకా పరిగెత్తాడు.

ఖాళీ అయిన హాల్లో ఎర్నెస్ట్ బెంచీ మీద కూర్చున్నాడు. ఇక దాచాల్సిందేమీ లేదు. పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. ఈ నవ్వును ఇలాగే, చెదరకుండా, ఇంటిదాకా తీసుకుపోవాలి అనుకున్నాడు.

డెన్నిస్ తిరిగొచ్చేసరికి ఆ నవ్వు అలాగే ఉంది.

"నవ్వడం వచ్చన్నమాట నీకు!" అంటూ భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు; మనిషి కదల్లేదు. తర్వాత నెమ్మదిగా తన టోపీ తీశాడు.

తెల్లటి చేతి తొడుగుల మధ్య పాత పలక ఎర్నెస్ట్ ఛాతీకి ఆనుకుని ఉంది, అంకె లోపలి వైపుకి.