ఖాళీ డబ్బా

చక్రాల కుర్చీలు తయారుచేసే ఆ షెడ్డులో స్టోరుగది పెద్దాయనది. ఇరవై ఆరేళ్లుగా దాని తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. బేరింగు కావాలన్నా, మరమేకు కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడి బతిమాలాల్సిందే. రెండడిగితే ఒకటిచ్చి, "నిన్న ఇచ్చింది తిన్నావా?" అనేవాడు. లోపల మాత్రం పైకప్పును తాకేలా సరుకు. సగం తుప్పు. మనిషి మంచివాడేమీ కాదు. భార్య పోయాక మరీ ముళ్లకంపలా తయారయ్యాడు.

కోడలే ఆ షెడ్డుకు సూపర్‌వైజరుగా రావడం ఆయన ఖర్మ. వచ్చిన వారానికే గదిలో సరుకంతా బయటికి పంపేసి కొత్త పద్ధతి పెట్టింది. ఒక్కో సామానుకు రెండు డబ్బాలు, చేతికందే బల్ల మీద. ముందు డబ్బా ఖాళీ అయితే వెనకది ముందుకు జరపాలి. ఖాళీది గుమ్మం దగ్గర పెట్టాలి. దాని అడుగునున్న పసుపు కార్డు సాయంత్రం దుకాణానికి వెళ్తుంది, మర్నాడు సరుకు వస్తుంది. అంతకుమించి నిల్వ ఉండకూడదు.

"గుప్పెడు సరుకుతో ఫ్యాక్టరీ నడుపుతావా అమ్మాయ్?"

"నెల రోజులు చూడండి మావయ్యా. సామాను లేక ఒక్క పూట పని ఆగినా మీ గది మీది, మీ తాళాలు మీవి. ఆగకపోతే ఆ గోడ తీయించేస్తా. మీరూ మా మధ్య కూర్చోవాలి."

"మీ మధ్యా? ఆ దుమ్ములోనా?"

"మీ గదిలో తుప్పు కన్నా నయమే బాబాయ్!" అని వెల్డింగామె అక్కడినుంచే అరిచింది. షెడ్డంతా గొల్లుమంది.

పెద్దాయన రోజూ అందరికన్నా ముందొచ్చి, పని ఎప్పుడు ఆగుతుందా అని కాచుకున్నాడు. మూడు వారాలు ఆగలేదు. వెల్డింగామె ఆయన గోడ మీద సుద్దముక్కతో "ఇక్కడొక కిటికీ ఉండేది" అని రాసింది.

ఇరవై నాలుగో రోజు ఆగింది. సాయంత్రానికి ఆసుపత్రికి పన్నెండు కుర్చీలు పంపాలి. పదకొండు అయ్యాయి. పన్నెండోదాని ముందు చక్రాలకు బేరింగులు లేవు. రెండు డబ్బాలూ ఖాళీ.

కోడలు దుకాణానికి ఫోన్ చేసింది. "మీ బేరింగుల కార్డు ఈ నెలలో ఒక్కటీ రాలేదమ్మా," అన్నాడు దుకాణదారు.

ఆమెకేమీ అర్థం కాలేదు. "ఓడిపోయాను మావయ్యా. గది మీదే," అని బల్ల మీది డబ్బాల్లోంచి కార్డులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. పెద్దాయన గెలిచాడు. కానీ గది వైపు వెళ్లకుండా బల్ల దగ్గరికొచ్చాడు. ఆయన జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

"ఆగమ్మాయ్. కార్డులు నా మూలంగానే ఆగాయి."

"మీరేం చేశారు?"

"నింపాను. నువ్వు సరుకు పంపేసినప్పుడు గదిలో నా కుర్చీ కింద ఓ సంచి బేరింగులు దాచుకున్నాలే. గుమ్మం దగ్గర డబ్బా ఖాళీగా కనబడితే చెయ్యి ఊరుకోలేదు. నింపి మళ్లీ వెనకాల పెట్టేవాణ్ణి. మొన్న సంచిలో నాలుగే మిగిలాయి. ఆ నాలుగే వేశాను."

"డబ్బాకి ఖాళీ అయితేనే నోరొస్తుంది మావయ్యా. మీరు ఆ నోట్లో గుడ్డలు కుక్కారు!"

"అంటే మమ్మల్ని ఓడించాలని చూస్తూ, మాకే సరుకు మోశారా బాబాయ్?" అంది వెల్డింగామె.

నవ్వు ఓ మూల మొదలై షెడ్డంతా పాకింది. కోడలు బల్ల పట్టుకుని కూలబడి నవ్వింది. పెద్దాయన పెదవి ఓ పక్కకి వంకర తిరిగింది. దాన్నీ నవ్వనే అనాలి.

ఆయనే కార్డు లాక్కుని సైకిలెక్కాడు. దుకాణం రెండు వీధుల అవతల. అరగంటలో చెమటలు కక్కుతూ వచ్చాడు. తెచ్చింది నాలుగే. మిగతా డబ్బా రేపు పంపమన్నాడట. దుకాణదారు అదనంగా చేతిలో పెట్టిన ఐదోదాన్ని అతనికే తిరిగిచ్చి వచ్చాడట.

నాలుగు గంటలకు పన్నెండో కుర్చీ నిలబడింది. బరువు పెట్టి చూడాలంటూ వెల్డింగామె ఆయన్నే అందులో కూర్చోబెట్టి, బల్లల మధ్య నుంచి తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తోసింది. చక్రం చప్పుడు లేదు.

"గోడెప్పుడు తీయిస్తావమ్మాయ్?" అన్నాడు కుర్చీలోంచే.

"నెల నిండలేదుగా మావయ్యా, ఇంకా ఆరు రోజులున్నాయి."

"రేపే తీయించు. అక్కణ్ణించి ఈవిడ తిట్లు సగమే వినబడుతున్నాయి."