ముట్టుకోవలసిన తోట

"ఈ పొయ్యి గట్టు మీద మళ్ళీ మొక్కేమిటి? ఇది వంటిల్లా, కరెంటాఫీసా?"

మంచినీళ్ళకని వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగి అడిగాడు. ఆమె ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో పుదీనా కుండీలోని ఆకు కొసను మెల్లగా ముట్టుకుంది. కుండీ మట్టిలోకి దిగిన సన్నటి రాగి తీగ, తీగ చివర అగ్గిపెట్టెంత పరికరం, దాని పక్కన అరచేతిలో పట్టే స్పీకరు. వేలు తగలగానే స్పీకర్లోంచి జల్లెడ ఆడించిన సవ్వడి వచ్చింది. కాకపోతే బాగా నెమ్మదిగా, శ్రుతిలో, ఎవరో ఆలోచించుకుంటూ ఆడిస్తున్నట్టు. ఆమె మొహం వెలిగిపోయింది. వారం నుంచి మొరాయిస్తున్న పుదీనా ఇవాళ దారికొచ్చింది.

"బాగానే ఉంది గానీ కూర మాడుతోంది చూసుకో," అన్నాడాయన. నీళ్ళు తాగిన గ్లాసు స్పీకరు పక్కనే పెట్టి వెళ్ళిపోయాడు.

కూరేమీ మాడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కూర మాడబెట్టింది లేదు. అయినా ఆమె ఏదైనా ఇష్టంగా చేస్తున్నప్పుడల్లా ఆయన ముక్కుకి మాడు వాసన తగులుతూనే ఉంటుంది.

పెళ్ళికి ముందు ఆమె ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేది. పాట వింటే అందులో ఏ వాయిద్యం ఎక్కడ దాక్కుందో కళ్ళు మూసుకుని చెప్పేది. ఈ అమ్మాయి చెవులకి ఇన్సూరెన్స్ చేయించాలని అక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. "పొద్దుపోయి ఇంటికొచ్చే ఉద్యోగం మనకెందుకమ్మా" అని అత్తగారు ఒక్కసారే అన్నారు. భర్త అది కూడా అనలేదు, వాళ్ళమ్మ వైపు తిరిగి తలూపాడు, అంతే. స్టూడియో మానేసింది. కూతురు పుట్టింది, పెరిగింది, హాస్టలుకి వెళ్ళింది. ఈలోగా తోటలూ పార్కులూ డిజైన్ చేసే ఆఫీసులో చేరింది. టైముకి వెళ్ళి టైముకి రావచ్చు, రెండు పూటలా వంట చేయొచ్చు, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అక్కడ ఆమె పని వేరేవాళ్ళ ఊహల్ని శుభ్రంగా గీసిపెట్టడం. ఊహ సరిగ్గా లేకపోతే గీస్తున్నప్పుడే చడీచప్పుడు లేకుండా సరిచేసేది. ఆమె మలుపు తిప్పిన దారుల మీద సగం ఊరు నడుస్తోంది. ఆ దారి ఎవరు వేశారంటే మాత్రం అందరూ బాసు పేరే చెబుతారు.

కొన్ని నెలల కిందట, ఊరి మధ్యనున్న పెద్ద పార్కులో ఒక మూల జనం ఆగేలా ఏదైనా చేసిపెట్టమని పార్కుల శాఖ వాళ్ళ ఆఫీసుని అడిగింది. జనం రోజూ వస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గుండ్రంగా తిరుగుతారు, వెళ్ళిపోతారు. చెట్టు వైపు చూడరు, ఒకరి వైపు ఒకరు చూడరు. ఆఫీసులో అందరూ ఫౌంటెన్లు, రంగు లైట్లు అని ఏవేవో అనుకుంటుంటే ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "ముట్టుకుంటే పాడే మొక్కలుంటే ఆగుతారేమో," అంది. అందరూ నవ్వారు. ఎండాకాలంలో కూడా టై కట్టుకునే సీనియర్ డిజైనరు ఒకాయనున్నాడు, వెనకాల అందరూ టైగారు అంటారు, ఆయన మాత్రం నవ్వకుండా లేచి బాసు గదిలోకి వెళ్ళాడు. మర్నాటికి అది 'మన ఆలోచన' అయిపోయింది.

"చేయాల్సింది నువ్వే అనుకోమ్మా," అన్నాడు బాసు. "నీకా సౌండు గొడవ తెలుసుగా."

తెలుసు. చెవులింకా అవే. పరికరాల సంగతి పుస్తకాలు తిరగేసి, వీడియోలు చూసి, ఎన్నో తీగలు కాల్చుకుని నేర్చుకుంది. మొక్కలకి ఏ గొంతు పెట్టాలన్నదే తేలలేదు. ఒక ఆదివారం ముందుగదిలో టీవీ మోగుతుంటే ఆమె ఇల్లు ఊడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. చీపురు ఆగింది, చప్పుడూ ఆగింది. ముందుగదిలో ఎవరికీ తేడా తెలియలేదు. బకెట్లో నీళ్ళు నిండటం, పళ్ళెం మీద పళ్ళెం పడటం, తడి బట్ట విదిలించడం, ఇస్త్రీ పెట్టె బుస్సుమనడం, చాకు చెక్కకి తగలడం. తెల్లారుతూనే మొదలై అందరూ పడుకునేదాకా సాగే కచేరీ ఇది. వాయించేది తను. వినేవాళ్ళే లేరు. ఆ వారం నుంచి ఫోను మెడలో వేలాడేసుకుని ఇంటిపని చేసింది.

"చీపురు చప్పుడు రికార్డు చేస్తోందట నా కోడలు!" అని అత్తగారు ఫోనులో కూతురికి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంక దుమ్మునేం చేస్తుందో, ఫొటో తీసి గోడకి తగిలిస్తుందేమో."

కానీ ఆ చీపురు చప్పుడుని సాగదీసి, శ్రుతి సరిచేస్తే అల ఒడ్డుకొచ్చి వెనక్కి జారినట్టు వినిపించింది. అది ఈకల్లాంటి ఆకులుండే ఫెర్న్ మొక్కకి ఇచ్చింది. స్టీలు పళ్ళెం మోగినప్పటి చివరి గుంయ్ కలబందకి ఇచ్చింది. ఇవన్నీ వెతుకుతున్నప్పుడే, గిన్నెల చప్పుడు వెనకాల సన్నగా ఒక కూనిరాగం దొరికింది. ఎవరబ్బా అనుకుంది. మళ్ళీ విని, ఇంకోసారి విని, కుర్చీలో వెనక్కి వాలిపోయింది. తన గొంతే. పాడటం ఏనాడో మానేశాననుకుంది. మానలేదు. గిన్నెలు తోముతూ పాడుతూనే ఉంది, తనకే తెలియలేదు. ఆ రాగాన్ని మధ్యలో నిలబెట్టబోయే రబ్బరు మొక్క కోసం దాచింది. వెడల్పాటి ఆకులతో నిటారుగా ఉండే మొక్క అది. దానికొక షరతు పెట్టింది. ఒక్కరు ముట్టుకుంటే పలకదు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని పదిమందీ ఒక వరసగా నిలబడి, మొదటివాళ్ళు ఆకుని తాకితే అప్పుడు పూర్తిగా గొంతు విప్పుతుంది.

బాసుకి ఇవన్నీ చూపించాల్సిన రోజున ఆఫీసులో టీ ఇచ్చే మనిషి సెలవు పెట్టాడు. "కాస్త టీ సంగతి చూస్తావా అమ్మా," అన్నారు. గదిలో నలుగురు మగవాళ్ళున్నారు, నలుగురికీ చేతులున్నాయి. ఆమె ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆమె చప్పుళ్ళన్నీ టైగారు వినిపించేశాడు.

"చీపుర్లూ పళ్ళేలూ ఏంటమ్మా, నామోషీగా," అన్నాడు బాసు. "హాయిగా ఫ్లూటు పెట్టేద్దాం, రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఆ అత్తిపత్తి కూడా తీసెయ్. ముట్టుకుంటే మూగబోయి, వదిలేస్తే పాడటం ఏంటి?"

"దాని తీరే అంతండీ. ముట్టుకుంటే ముడుచుకుంటుంది. మళ్ళీ విచ్చుకున్నాకే పాడుతుంది."

"ఇక ఆ రబ్బరు మొక్క," టైగారు నవ్వాడు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేతులు పట్టుకుంటే గానీ మోగదట. ఎవరు పట్టుకుంటారండీ ఈ రోజుల్లో?"

ఆమె ఎవరికీ కప్పు అందించలేదు. ట్రే బల్ల మీద పెట్టింది. ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆమె ఎప్పుడూ నిలబడే మాట్లాడిందని కూర్చున్నాక తెలిసింది.

"ఫ్లూటు పెడితే నేను చెయ్యనండీ," అంది. గొంతు పెంచలేదు. "ఇవి ఉంటేనే చేస్తాను."

ఆమె లేకపోతే ఈ పని జరగదని అందరికీ తెలుసు. ఆ సంగతి ఆమెకీ తెలుసని మాత్రం వాళ్ళకి ఆ రోజే తెలిసింది. బాసు లేచి, తన టీ తనే తీసుకుని, "సరే, నీ ఇష్టం," అన్నాడు. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆమె ఆ మాటనే మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంది. పెదాల మీద నవ్వు పోలేదు.

తర్వాతి నెలలన్నీ పార్కులోనే. మొక్కల గట్టు ఎంత ఎత్తుండాలో కుర్చీలో కూర్చుని ఒకసారి, నేల మీద చతికిలబడి ఒకసారి చేయి చాచి చూసుకుంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళూ, నడక నేర్చిన పిల్లలూ ఎవరి సాయం లేకుండా ఆకుని అందుకోవాలని గట్టుని మెట్లు మెట్లుగా కట్టించింది. వానకి తీగలు తడిసి మొక్కలన్నీ ఒక్కసారే గోల పెట్టిన రోజు గొడుగు వదిలేసి బురదలో కూర్చుని నవ్వింది. గోళ్ళలో మట్టితో ఇంటికొస్తే, "తోటపనికి మనిషిని పెట్టుకోరా మీ ఆఫీసులో," అన్నాడు భర్త. ఆ మాట ఇదివరకైతే రాత్రంతా గుచ్చుకునేది. ఇప్పుడు చేతులు కడుక్కునేలోపే మర్చిపోయింది.

తోట తెరవడానికి రెండ్రోజుల ముందు ఆయన, "ఆదివారం అక్కయ్య వస్తోంది, పొద్దున్నే వంట చేసిపెట్టి వెళ్ళు," అన్నాడు.

"ఆదివారం నేను తెల్లారుతూనే వెళ్ళాలండీ. వంట మీరు చూసుకోండి."

"మేమా?"

"మీరే. వదినగారికి ఏం ఇష్టమో నాకంటే మీకే బాగా తెలుసు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నారు."

ఆదివారం పొద్దున పార్కుకి వెళ్ళి ఆమె నిలువునా నీరయిపోయింది. మొక్కల గట్టు చుట్టూ తాడు కట్టేసి ఉంది. తాడుకి వరసగా బోర్డులు, 'మొక్కలను ముట్టుకోరాదు' అని.

"మొదటి రోజే జనం పీకేస్తే ఎవరు జవాబు చెబుతారు?" అన్నాడు టైగారు. "మేడమ్ గారు ఒక్కరే ముట్టుకుంటారు. ఫొటోలు తీస్తాం. చాలు."

మేడమ్ గారు అంటే పార్కుల శాఖ పెద్దావిడ. ఆవిడ వచ్చి పుదీనాని ముట్టుకుంది, కలబందని ముట్టుకుంది, ముచ్చటపడింది. బాసు మైకులో తన ఊహ గురించి మాట్లాడాడు. "మా ఆఫీసు అమ్మాయి కూడా చాలా కష్టపడింది," అని నలభై దాటిన ఆమెని చూపించాడు. తర్వాత అందరూ టీ తాగడానికి టెంటులోకి వెళ్ళారు. తాడు బయట జనం మాత్రం అక్కడే నిలబడి, పాడతాయని విన్న మొక్కల్ని చూస్తున్నారు. ఆ జనంలో ఆమెకి తెలిసిన మొహాలు మూడు కనిపించాయి. భర్త, వదినగారు, అత్తగారు.

"ఇంట్లో వంటా లేదు, వార్పూ లేదు," అన్నారు అత్తగారు. "కూర్చుని మొహాలు చూసుకోవడమెందుకని వచ్చాం. ఏవే, ముట్టుకుంటే పాడతాయన్నావు, ముట్టుకోవద్దని రాశావేమిటి?"

"నేను రాయలేదు అత్తయ్యా," అని ఆమె వంగి తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా, తీయకండి. పైనుంచి ఆర్డరు."

"ఈ తోట చేసింది నేను. ముట్టుకోవడానికే చేశాను. ఎవరైనా అడిగితే నన్ను చూపించు."

అతను ఆమె మొహంలోకి చూసి, తాడు రెండో కొస తనే విప్పాడు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత డ్యూటీ దుస్తుల్లో ఉన్న ఒక నర్సు వచ్చి ఫెర్న్ మీద చేయి వేసింది. అల వచ్చి వెనక్కి జారింది. అంతే, జనం ఒక్కసారిగా లోపలికొచ్చారు. ఎవరో అత్తిపత్తి మీదకి వంగి, అది మూగబోతే బిక్కమొహం వేశారు. "కాస్త వదిలి చూడండి," అంది ఆమె. వదిలారు. అది తీరిగ్గా విచ్చుకుని తన పాట తను పాడుకుంది. రబ్బరు మొక్క మాత్రం ఎంతమంది ముట్టుకున్నా పలకలేదు. "దీనికి అందరూ చేతులు పట్టుకోవాలి," అని ఆమె చెప్పగానే జనం ఒకరినొకరు చూసుకుని ఇబ్బందిగా నవ్వారు. టైగారన్నదే నిజమయ్యేలా ఉందనిపించింది ఆమెకి.

"ఇటివ్వమ్మా," అని అత్తగారు నర్సు చేయి పట్టుకున్నారు. "మోకాళ్ళ నొప్పులతో ఇంత దూరం వచ్చాను, వినకుండా పోతానా. ఒరేయ్, నువ్వు రా. నువ్వూ రావే." కొడుకూ కూతురూ వచ్చారు. వాళ్ళ పక్కన ఇయర్‌ఫోన్లు తీసేసిన ఒకాయన, ఆయన పక్కన ఎవరో, ఆ పక్కన ఇంకెవరో. వరస గట్టు దాటి దారి మీదకి వెళ్ళింది. అత్తగారు ఆకుని తాకారు.

గిన్నెల చప్పుళ్ళూ, నీళ్ళూ, చీపురూ అన్నీ కలిసి అడుగున ఊగుతుంటే, వాటి మీద ఒక ఆడగొంతు మెల్లగా లేచింది. మాటల్లేని రాగం. చెట్ల పైకి వెళ్ళింది. అవతలి దారిలో నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. అత్తగారు చేయి తీయకుండానే తల తిప్పి కోడలి వైపు చూశారు.

"నీ గొంతే కదే ఇది."

"అవును అత్తయ్యా."

ఆవిడ ఆకుని మరింత గట్టిగా పట్టుకున్నారు.

టెంటులోంచి పెద్దావిడ కప్పుతోనే వచ్చేసింది, వెనకాల బాసూ టైగారూ. "ఇది ఇందాక మీరు చూపించలేదే! ఎవరు చేశారు?"

"మా టీము..." అని బాసు మొదలుపెట్టేలోపు భర్త వరసలోంచి గొంతెత్తాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "మా ఆవిడేనండీ! మొదట్నుంచీ నేనే ప్రోత్సహించాను."

ఆమెకి కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఇలాంటి చోట తల దించుకుని ఊరుకునేది, ఇంటి పరువని. ఇప్పుడు తల దించుకోవడానికి కారణం కనిపించలేదు.

"ప్రోత్సహించలేదండీ," అంది నవ్వుతూనే, అందరికీ వినిపించేలా. "మీరూ ప్రోత్సహించలేదు, మా ఆఫీసూ ప్రోత్సహించలేదు. అయినా చేశాను."

వదినగారు ఫక్కున నవ్వారు. పెద్దావిడ కూడా. "స్టేషను పక్కన ఇంకో పార్కుంది," అందావిడ. "సోమవారం వచ్చి మాట్లాడతారా?"

"తప్పకుండా, మేం వస్తాం," అన్నాడు బాసు.

"వస్తాను మేడమ్," అంది ఆమె ఆవిడనే చూస్తూ. "నేనొక్కదాన్నే వస్తాను."

ఎండెక్కింది. వరస విడిపోయి, కొత్తవాళ్ళు చేరి, మళ్ళీ వరస అయింది. భర్త దగ్గరికొచ్చి, కొంచెం తగ్గిన గొంతుతో, "ఆకలేస్తోంది అందరికీ. ఇంటికెళ్దామా?" అన్నాడు.

"మీరు వెళ్ళండి," అంది ఆమె గట్టు అంచు మీద కూర్చుంటూ. "ఇన్నాళ్ళూ చేస్తూనే ఉన్నాను. ఎలా పాడుతోందో నేనింకా కూర్చుని వినలేదు."