కింది వరస

అలబామాలో వేరుశెనగ పంట చేతికొచ్చిన వారం. డోథన్ ఊరి ఎగ్జిబిషన్ గ్రౌండులో జనం ఉడకబెట్టిన కాయలు ఒలుచుకుంటూ పచ్చిక మీద కూర్చున్నారు. వేదిక మీద వెర్లన్, హోయ్ట్ రెండు గిటార్లతో ఒకే పాట పలికిస్తున్నారు. వెర్లన్‌ది హెచ్చు స్వరాల్లో సాగే పై వరస, హోయ్ట్‌ది తగ్గు స్వరాల్లో దాన్ని వెన్నంటి నడిచే కింది వరస. వెర్లన్ వేదికంతా కలియదిరుగుతూ, గిటారును ఆకాశానికెత్తి వాయిస్తాడు. హోయ్ట్ పాతిన గుంజలా నిలబడి కళ్ళు మూసుకుంటాడు.

వ్యాన్‌లో వస్తున్నప్పుడే వెర్లన్ వెక్కిరించాడు.

"జనం వినేది నన్నురా! నీ వాయింపు ఎవడి చెవిన పడుతుంది?"

హోయ్ట్ నవ్వి, తన గిటారు తీగలు తుడుచుకున్నాడు.

పాట మధ్యలో వెర్లన్ తీగ టప్పున తెగింది. తిట్టుకుంటూ వెనక్కి పరిగెత్తి కొత్తది బిగించసాగాడు. తన వరస కూడా హోయ్ట్‌కు కొట్టినపిండే, అందుకుంటాడులే అనుకున్నాడు. హోయ్ట్ అందుకోలేదు. తన కింది వరసే వాయించుకుంటూ పోయాడు.

ఏళ్ళ తరబడి పక్కనే ఉన్నా, వెర్లన్ దాన్ని విడిగా వినడం అదే మొదలు. హోయ్ట్ ఒక్కో స్వరాన్నీ వేలికొసతో సన్నగా వణికిస్తూ, గుమ్మంలో నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టు సాగదీస్తున్నాడు. కాయలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ తనదే అనుకున్న తీపి ఎక్కడినుంచి వస్తోందో వెర్లన్‌కు అర్థమైంది.

తీగ బిగించడం, శ్రుతి చేయడం ఎప్పుడో అయిపోయాయి. వెర్లన్ కదల్లేదు.

హోయ్ట్ ఒక కన్ను తెరిచి అరిచాడు.

"ఏరా, టికెట్టు కొనుక్కొచ్చావా? వాయించు!"